నేల వదిలితే ఈల

నా జీవితంలో లక్షసార్లయినా ఈల వేసి ఉంటాను. గొప్ప కోసం చెప్పడం లేదు, ఈల వేయడమే నా ఉద్యోగం. వాటిలో పదకొండు తప్ప మిగతావన్నీ ఎవరికో ఒకరికి మేలే చేశాయి. ఆ పదకొండూ ఖతర్‌లో, ఒకే శుక్రవారం సాయంత్రం, ఒకే మైదానంలో వేశాను. వాటివల్ల రెండు జట్లు, ఒక సర్వేయరు కుడికాలు, ఒక ప్రాజెక్ట్ మేనేజరు నడుము దెబ్బతిన్నాయి. ఎనభై మంది కూలీల బిర్యానీ చల్లారిపోయింది. యూసుఫ్ భాయ్ ఉన్నంతకాలం ఈ కథ ఆయనే చెప్పేవాడు, నాకంటే బాగా చెప్పేవాడు. ఇప్పుడు నేను చెప్పాల్సి వస్తోంది. నన్ను నేను సమర్థించుకోను. ఒకటి రెండు చోట్ల తప్ప.

ముందు నా పని గురించి. క్రేన్ నడిపేవాడు ఎక్కడో పైన గాజుగదిలో కూర్చుంటాడు. కింద ఏం జరుగుతోందో అతనికి సరిగా కనబడదు. కింద నిలబడి ఎత్తు, దించు, ఆగు అని చేతులతో చెప్పే మనిషి ఒకడుండాలి. సైట్లో అతన్ని బ్యాంక్స్‌మన్ అంటారు. ప్రపంచ కప్పుకు ఇంకా నాలుగేళ్లుందనగా, అక్కడ కడుతున్న ఒక స్టేడియంలో నేను ఆ పనిలో ఉన్నాను. ఏ స్టేడియమో చెప్పను. అది ఇప్పటికీ నిలబడే ఉంది, అంతవరకు చాలు.

మా పనికి ఒకటే సూత్రం. బరువు నేల వదిలిందంటే ఈల. దాని కిందికి ఎవరూ రాకూడదు. పైన ఇనుప దూలం వేలాడుతుంటే చూద్దాం, ఆలోచిద్దాం అనుకునే వ్యవధి ఉండదు. మెదడుకు తెలిసేలోపు నోరు ఊదాలి. తొమ్మిదేళ్లలో నా కొక్కెం కింద ఒక్క మనిషికి గోరు కూడా ఊడలేదు. ఆ మాట చెప్పుకోవడానికి నేను సిగ్గుపడను.

సిగ్గుపడాల్సింది, ఆ అలవాటు డ్యూటీతో ఆగకపోవడానికి. క్యాంప్ మెస్సులో వంటమనిషి అన్నం గుండిగ పొయ్యి మీంచి ఎత్తితే ఈల వేసేవాణ్ణి. బస్సులో ఎవరైనా పెట్టె పైకెత్తితే ఈల. మెడలో ఈల లేకపోతే పెదవులతోనే. మొదటిసారి సెలవుమీద వస్తూ, విమానం లేస్తున్నప్పుడు కూడా వేశాను. ఎయిర్‌హోస్టెస్ పరుగున వచ్చి ఏం కావాలని అడిగింది. కింద ఎవరూ లేకుండా చూసుకోమని చెప్పాను. ఆమె నాకు నీళ్లిచ్చి వెళ్ళిపోయింది.

ఖతర్ రాకముందు, మన దేశపు సైట్లలోనే నాకు ఈ విద్య నేర్పింది యూసుఫ్ భాయ్. కోరుట్ల మనిషి, మా సైటు సేఫ్టీ సూపర్‌వైజరు. ఇంట్లో దక్కనీ, మాతో తెలుగు, కోపం వస్తే రెండూ. రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు మాకు పాఠం చెప్పేవాడు. "ఈల నోట్లె ఉండాలె భాయ్. చేతులున్న ఈల, సంచిలున్న హెల్మెట్ ఒకటే. తలకాయ పగిలినంక తీస్తవా?" అనేవాడు. నేను ఆయన మాట అక్షరాలా పాటించాను. జరిగినదానికి ఇదే మూలం కాబట్టి ముందే చెబుతున్నాను.

యూసుఫ్ భాయ్‌కి నూరీ అని ఒక కూతురు. ఆయన ఖతర్ వచ్చిన ఐదు నెలలకు పుట్టింది. అప్పటికి మూడున్నరేళ్లు. తండ్రిని ఫోన్లో తప్ప చూడలేదు. తండ్రి అంటే చేతిలో పట్టేంత వస్తువని, అప్పుడప్పుడు చార్జింగ్ పెట్టాలని ఆమె నమ్మకం.

"నిన్న ఏమన్నదో తెల్సా భాయ్?" అన్నాడొకరోజు మా గదిలో కూర్చుని. "అమ్మీ, అబ్బా నల్లగయిండు, వైరు పెట్టు అన్నదంట. బ్యాటరీ అయిపోయింది కదా."

మా గదిలో ఉండే లచ్చన్న జగిత్యాల వైపు మనిషి. ఎదుటివాడి బాధలో నవ్వు ఎక్కడుందో వెతికి తీయగలడు. "అయితే నీకు కాళ్లున్నయని ఆ పిల్లకు ఎర్కనే లేదా భాయ్?" అన్నాడు.

"కాళ్ల ముచ్చట తర్వాత. మెడ కింద ఏముందో తెల్వది."

"ఒకసారి ఫోన్ కిందికి తిప్పి చూపియ్యరాదు?"

"చూపిస్తి. అబ్బా విరిగిపోయిండని ఏడ్చింది."

మేం ముగ్గురం నవ్వాం. యూసుఫ్ భాయ్ మాకంటే ముందే ఆపేశాడు. ఆయన రెండుసార్లు సెలవు అడిగాడు, రెండుసార్లూ రాలేదు. పైకప్పు దూలాలు ఎక్కించే పని మొదలైంది, అది అయ్యేదాకా సెలవులన్నీ బంద్ అని కంపెనీ గోడకు కాగితం అంటించింది. ఆ కాగితాన్ని కాదని ఒక్కరికైనా సెలవివ్వగలిగిన వాడు ప్రాజెక్ట్ మేనేజర్ డెన్నిస్ సార్ మాత్రమే.

డెన్నిస్ సార్ అమెరికా ఆయన. నలభై ఎనిమిదేళ్లు, నూట ఇరవై కిలోలు. వారమంతా మా మీద అరిచేవాడు, శుక్రవారం వాళ్ల దేశపు ఫుట్‌బాల్ ఆడేవాడు. అది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి గుండ్రంగా ఉండదు, పీచు తీయని కొబ్బరికాయలా ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెత్తుతాడు, మిగతావాళ్లు అతని మీద పడతారు. కాలితో తన్నడం అప్పుడప్పుడే. నా ఖర్మకు నా పని ఆ అప్పుడప్పుడుతోనే పడింది.

ఆ వారం మరో కంపెనీ జట్టుతో వాళ్లకు పెద్ద పోటీ ఉంది. ఈల వేయాల్సిన రెఫరీల్లో ఒకాయన ఉద్యోగం మారి దేశం వదిలి వెళ్ళిపోయాడు. డెన్నిస్ సార్ యూసుఫ్ భాయ్‌ని పిలిచాడు.

"మీ దగ్గర ఈల వేసేవాళ్లు ఉన్నారు కదా, ఒకణ్ణి పంపు."

"బెస్ట్ ఆద్మీ ఉన్నడు సార్," అన్నాడు యూసుఫ్ భాయ్. తర్వాత ధైర్యం చేసి, "సార్, నా లీవు?" అన్నాడు.

"ఆట సవ్యంగా జరిగితే శనివారం పొద్దున కాగితం తీసుకురా."

ఆ మాట పట్టుకుని ఆయన నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "నర్సయ్య భాయ్, నా బిడ్డ నీ నోట్లె ఉన్నది," అన్నాడు.

డెన్నిస్ సార్ ఆ ఆట నియమాల పుస్తకం పంపాడు. రెండుసార్లు చదివాను. నాకు నచ్చింది. ఎక్కడా ఒక్క విశేషణం లేదు. చెప్పాల్సింది చెప్పి పక్క నియమానికి వెళ్ళిపోతుంది. మన కథలు రాసేవాళ్లు కొందరు దాన్ని చదివితే బాగుంటుంది.

అందులో నాకు సంబంధించినది ఇంతే. తన్నిన బంతి గాల్లో ఉన్నా, నేలమీద దొర్లుతున్నా బతికున్నట్టే. దాన్ని పట్టుకున్నవాణ్ణి పడగొడితేనో, అది గీత దాటితేనో చస్తుంది. చచ్చాకే ఈల. బంతి గాల్లో ఉండగా ఈల పడిందా, ఆ తన్ను చెల్లదు, మళ్ళీ తన్నాలి. ఈ పనిలో మంచివాడు ఈల నోట్లో కాక చేతిలో పట్టుకుంటాడట. నోటిదాకా తెచ్చుకునేలోపు ఆలోచించుకోవడానికి.

అంటే నా తొమ్మిదేళ్ల చదువుకు సరిగ్గా తలకిందులు.

డ్యూటీ అయ్యాక క్యాంప్ వెనక ఖాళీ జాగాలో సాధన మొదలుపెట్టాం. యూసుఫ్ భాయ్ అల్ మన్సూరాలో దుకాణాలన్నీ తిరిగి పీచు తీయని కొబ్బరికాయ ఒకటి తెచ్చాడు. లచ్చన్న దాన్ని ఆకాశంలోకి విసిరాడు. నేను ఈల వేశాను.

"గది పైకి పోతున్నది అన్నా, కిందికి రానియ్యి," అన్నాడు లచ్చన్న.

మళ్ళీ విసిరాడు. మళ్ళీ వేశాను.

"క్యా భాయ్! బతికున్నది అది! బతికున్నదానికి ఎందుకు ఊదుతవ్?"

"కింద లచ్చన్న ఉన్నాడు కదా భాయ్," అన్నాను.

"నా పానం సంగతి నేను చూసుకుంట. నువ్వు ఊదకు," అన్నాడు లచ్చన్న. నలభైసార్లు విసిరాడు. నేను నలభైసార్లు ఊదాను. ఈల చేతిలో పట్టుకుంటే చెయ్యి దానంతటదే నోటికి పోయింది. ఈల తీసేసుకుంటే పెదవులు ఊదాయి. నోట్లో ఖర్జూరం పెడితే గింజ ఎగిరి లచ్చన్న చెంపకు తగిలింది. చివరికి యూసుఫ్ భాయ్‌కి ఒక ఉపాయం తోచింది. బాటిల్ నాకిచ్చి, "నోట్లె నీళ్లు పోస్కో. మింగకు. కాయ పడ్డంక మింగి ఊదు," అన్నాడు.

పనిచేసింది! నోటినిండా నీళ్లుంటే ఊదలేం. కాయ లేచింది, నా బుగ్గలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, కాయ పడింది. మింగాను. ఊదాను. యూసుఫ్ భాయ్ నన్ను కావలించుకున్నాడు. లచ్చన్న మాత్రం, "ఇగ ఒంటికి అవసరపడితే ఏం జేస్తడో," అన్నాడు.

శుక్రవారం సాయంత్రం. అల్ ఖోర్ పోయే దారిలో ఒక మైదానం. అక్కడికి చేరగానే నా గుండె జారింది. ఎందుకో వినండి, నన్ను సమర్థించుకునే చోటు ఇదే.

ఒకటి. చూసేవాళ్లు లేకుంటే ఆట వెలవెలబోతుందని కంపెనీ మా క్యాంప్ నుంచి రెండు బస్సుల్లో ఎనభై మందిని తెచ్చి బల్లలమీద కూర్చోబెట్టింది. ఆట అయ్యాక బిర్యానీ పొట్లం ఇస్తామని చెప్పింది. బస్సెక్కేటప్పుడు ఎవరో అలవాటుగా హెల్మెట్లు తప్పనిసరి అని కేకేశారు. అందరూ పెట్టుకునే వచ్చారు.

రెండు. ఆ ఆట ఆడేవాళ్లు కూడా హెల్మెట్లు పెట్టుకుంటారు.

మూడు. పెద్ద రెఫరీ తెల్లటోపీ పెట్టుకుంటాడు. మా సైట్లో తెల్లటోపీ అంటే పెద్ద ఇంజనీరు.

ఇప్పుడు మీరే చెప్పండి. వందమంది హెల్మెట్లు పెట్టుకుని తలెత్తి చూస్తున్నారు, తెల్లటోపీ ఆయన చెయ్యి ఊపాడు, ఏదో ఒక బరువు నేల వదిలి వాళ్ల నెత్తిమీదికి వస్తోంది, దాని కిందికి మనుషులు పరిగెత్తుకొస్తున్నారు. అది సైటు కాక మరేమిటి?

ఆట మొదలవగానే మొదటి తన్ను మా జట్టుది. తన్నేవాడు మా సైటు సర్వేయరు, సన్నటి తెల్లాయన. ఆ జట్టులో తన్నడం తెలిసిన మనిషి ఆయన ఒక్కడే. బంతి లేచింది. నేను నీళ్లు పోసుకోవడం మరిచిపోయాను.

అందరూ ఆగిపోయారు. బంతి ఒక్కటే ఎక్కడో దూరంగా టప్పున పడింది.

తెల్లటోపీ నా దగ్గరికి వచ్చి, "ఏం చూశావు?" అన్నాడు.

"పైకి పోయింది సార్."

"తన్నితే పైకే పోతుంది." ఆయన అన్నదాన్ని నేను మర్యాదగా మార్చి రాస్తున్నాను.

మళ్ళీ తన్నారు. మళ్ళీ ఊదాను. మూడోసారీ అంతే. బల్లల మీంచి లచ్చన్న, "అన్నా, నీళ్లు! నీళ్లు!" అని అరిచాడు. యూసుఫ్ భాయ్ లేచి నిలబడి రెండు బుగ్గలూ ఉబ్బించి చూపించాడు. నాలుగోసారి నీళ్లు పోసుకున్నాను. బంతి లేచింది, దిగింది, ఒకడు పట్టుకున్నాడు, అతని మీద ఆరుగురు పడ్డారు. మింగి ఊదాను. ఎనభై మంది చప్పట్లు కొట్టారు. ఈల సరైన సమయానికి పడినందుకు జనం చప్పట్లు కొట్టడం తెల్లటోపీ అంతకుముందు చూసినట్టు లేదు.

కానీ అది దోహా ఎండ. సాయంత్రమైనా గాలి పొయ్యి నోట్లోంచి వచ్చినట్టే ఉంది. నోట్లో నీళ్లు పెట్టుకుని మింగకుండా ఎంతసేపని ఉండగలం? నాకు తెలియకుండానే గొంతులోకి జారిపోయేవి. అలా నాలుగో తప్పు ఈల, ఐదో తప్పు ఈల పడ్డాయి. రెండూ మా సర్వేయరు తన్నినప్పుడే. ఐదోదాని తర్వాత ఆయన హెల్మెట్ తీసి నేలకేసి కొట్టి నావైపు పరిగెత్తుకొచ్చాడు.

నేను భయపడ్డాను. భయపడ్డ మనిషి చేతికి దొరికిందేదో చేస్తాడు. నా నోట్లో ఈల ఉంది. పీప్, పీప్, పీప్ అని మూడుసార్లు పొట్టిగా ఊదాను.

సైట్లో మూడు పొట్టి ఈలలంటే ఏమిటో పాఠకులకు తెలియకపోవచ్చు. ప్రమాదం జరిగింది, అంతా పని వదిలేసి గుమికూడే చోటుకు రండి అని. మా సైట్లో ఆ చోటుకు గుర్తు పొడవాటి పసుపు స్తంభం. మైదానంలో పొడవాటి పసుపు స్తంభాలున్నది ఒక్కచోటే. బంతి తన్నాల్సిన గోలు దగ్గర.

బల్లలమీది జనం లేచారు. తోసుకోలేదు, పరిగెత్తలేదు. యూసుఫ్ భాయ్ నేర్పినట్టే చకచకా నడిచి, ఆట మధ్యలోంచి మైదానం దాటి, పసుపు స్తంభాల కింద నాలుగు వరసల్లో నిలబడ్డారు. ఆడేవాళ్లలో ముగ్గురు మా కంపెనీ ఇంజనీర్లు. వాళ్లూ వెళ్ళి వరస చివర నిలబడ్డారు.

"ఏం జరుగుతోంది?" అని తెల్లటోపీ అరిచాడు.

యూసుఫ్ భాయ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆయనకు అంతా అర్థమైంది. అయినా వరసగా నిలబడ్డ మనుషుల్ని చూసి ఊరుకోలేకపోయాడు. వెళ్ళి బస్సుల్లో వచ్చినవాళ్లను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"భాయ్, ఇది ఆట! లెక్క ఎందుకు?" అన్నాను.

"తెల్సు భాయ్, తెల్సు," అన్నాడు ఆగకుండా. "అఠత్తర్, ఉన్యాసీ... అరె! డెబ్బై తొమ్మిదే! ఒకడు తక్కువున్నడు."

లెక్క తప్పితే ఎవరూ కదలకూడదు. అదీ సూత్రమే. ఎనభయ్యోవాడి కోసం రెండు జట్లవాళ్లూ మైదానమంతా వెతికారు. డెన్నిస్ సార్ మరుగుదొడ్ల తలుపులు తట్టాడు. పావుగంట తర్వాత బస్సు వెనక దొరికాడు లచ్చన్న. బిర్యానీ పొట్లాలకు కాపలా ఉన్నానన్నాడు. మూతి తుడుచుకుంటూ అన్నాడు.

"మూడు ఈలలు వినలేదారా?" అని యూసుఫ్ భాయ్ మండిపడ్డాడు.

"విన్న భాయ్. నిజంగ ప్రమాదమైతే ముందు గిదాన్నే కాపాడాలె కదా?"

ఆ తర్వాత తొమ్మిదోది, పదోది ఎలా పడ్డాయో వర్ణించను. వర్ణనలంటే నాకు పడదు. తన్నిందే మళ్ళీ మళ్ళీ తన్ని సర్వేయరు మాత్రం కుడికాలు ఐసు బక్కెట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇక చివరి నిమిషం. మా జట్టు రెండు పాయింట్లు వెనకబడి ఉంది. బంతిని ఆ పసుపు స్తంభాల మధ్యలోంచి తన్నగలిగితే మూడు పాయింట్లు, గెలుపు. సర్వేయరు కాలు బక్కెట్లోంచి తీసి కుంటుకుంటూ వచ్చాడు. నా చోటు సరిగ్గా స్తంభం కింద. తెల్లటోపీ నా దగ్గరికొచ్చి, "దీనికి ముందే ఊదావంటే ఆ ఈల నీచేత మింగిస్తాను," అన్నాడు. దూరంగా యూసుఫ్ భాయ్ కనబడుతున్నాడు. ఈసారి బుగ్గలు ఉబ్బించలేదు. ఫోన్ రెండు చేతులతో గుండెకు ఆనించుకుని ఊరికే నిలబడ్డాడు.

బాటిల్లో మిగిలిన నీళ్లన్నీ నోట్లో పోసుకున్నాను.

సర్వేయరు తన్నాడు. బంతి లేచింది. అవతలి జట్టు పొడగరి ఒకడు చేతులెత్తాడు, బంతి అతని అరచేతికి తగిలి వెనక్కి పడి నేలమీద దొర్లింది. అందరూ అయిపోయిందనుకున్నారు. మావాళ్లు తల పట్టుకున్నారు, వాళ్లు ఒకరినొకరు కావలించుకున్నారు. నేను ఊదలేదు. పుస్తకం నాకు గుర్తుంది. అలా అడ్డుపడి వెనక్కొచ్చిన బంతి ఇంకా బతికే ఉంది. తన్నిన జట్టువాళ్లే తీసుకుని పరిగెత్తొచ్చు, స్తంభాల దగ్గరి గీత దాటితే గెలుపే. ఆ సంగతి ఆ క్షణంలో మైదానంలో ఇద్దరికే గుర్తుంది. ఒకణ్ణి నేను. రెండోవాడు డెన్నిస్ సార్.

ఆయన వంగి బంతి తీసుకున్నాడు. చంకలో పెట్టుకున్నాడు. పరిగెత్తాడు. నూట ఇరవై కిలోలు నిండు సిమెంటు లారీలా గీతవైపు, అంటే నావైపు వస్తున్నాయి. అవతలివాళ్లు తేరుకుని వెంటపడ్డారు. నేను ఊదలేదు. పది గజాలు. ఊదలేదు. ఐదు గజాలు. తొమ్మిదేళ్ల అలవాటును గెలిచానని నాకు తెలుస్తోంది. కళ్లు చెమర్చాయి. నూరీ తండ్రి కాళ్లు చూడబోతోంది.

అప్పుడు వెనకనుంచి ఒకడు డెన్నిస్ సార్ నడుము అందుకోబోయాడు. గీత ఇంకా గజం దూరం. ఆయన రెండు చేతులతో బంతి ముందుకు చాచి ఎగిరాడు.

నూట ఇరవై కిలోల బరువు నేల వదిలింది.

నీళ్లన్నీ తుంపరలుగా డెన్నిస్ సార్ ముఖాన పడ్డాయి. వాటి వెనకే ఈల వచ్చింది. తొమ్మిదేళ్లలో అంత గట్టిగా ఎప్పుడూ ఊదలేదు. పైగా, "హటో! లోడ్ కింద్ర లోడ్!" అని కూడా అరిచాను. అది ఏ భాషో నాకిప్పటికీ తెలియదు. డెన్నిస్ సార్ గీతకు అవతల దబ్బున పడ్డాడు. కానీ ఈల పడినప్పుడు ఆయన గీతకు ఇవతల గాల్లో ఉన్నాడు. ఆట అక్కడే చచ్చింది.

తెల్లటోపీ పుస్తకం ప్రకారం చెప్పాడు. కావాలంటే మళ్ళీ తన్నొచ్చు. అందరూ సర్వేయరు వైపు చూశారు. ఆయన కాలు బక్కెట్లో పెట్టి, బక్కెట్‌ను రెండు చేతులతో కావలించుకుని తల అడ్డంగా ఊపాడు. డెన్నిస్ సారే తన్నాడు. బంతి నాలుగడుగులు దొర్లింది. దానికి మాత్రం నేను సరైన సమయానికి ఊదాను. అందుకే లెక్కలోకి తీసుకోలేదు.

తిరుగు బస్సులో యూసుఫ్ భాయ్ నా పక్కనే కూర్చున్నాడు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని చొక్కా కొసతో తుడిచాడు. నన్ను తిట్టినా బాగుండేది. చివరికి, "ఫోన్‌కు కొత్త కవరు కొనాలె భాయ్. ఎర్రది. పిల్ల అబ్బాకు అంగీ మార్చమంటున్నది," అన్నాడు.

శనివారం పొద్దున డెన్నిస్ సార్ మా ఇద్దరినీ ఆఫీసుకు పిలిపించాడు. నడుముకు పట్టీ కట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. యూసుఫ్ భాయ్ సెలవు కాగితం జేబులోంచి తీయలేదు.

డెన్నిస్ సార్ నన్నే చూశాడు. "ఒక్క ప్రశ్న. నిన్న నేను ఎగిరానా, పడ్డానా?"

నాకర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. జట్టంతా నవ్వుతోందట. నువ్వు ఎగరలేదు, తట్టుకుని పడ్డావు అంటోందట. తెల్లటోపీ కూడా పడ్డాడనే అన్నాడట. బడిలో చదివిన రోజుల నుంచీ ఆయన నేల వదిలాడని ఇంతవరకు ఒక్కరూ ఒప్పుకోలేదట.

యూసుఫ్ భాయ్ బూటుతో నా కాలు తొక్కాడు. ఎగిరారని చెప్పమన్నాడో, నోరు మూసుకోమన్నాడో తెలియలేదు. నేను ఉన్నది చెప్పాను.

"సార్, మీరు నేల వదిలారు. నేల వదలకుండా నేను ఈల వేయను. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా వేయలేదు."

డెన్నిస్ సార్ సొరుగు తెరిచి ఒక కాగితం తీశాడు. క్రేన్‌తో పెద్ద బరువు ఎత్తిన ప్రతిసారీ మేం నింపే రిపోర్టు అది. "రాయి," అన్నాడు.

రాశాను. బరువు పేరు: డెన్నిస్ సార్. బరువు: నూట ఇరవై కిలోలు, హెల్మెట్ కాక. దేనితో కట్టారు: బెల్టు. నేల నుంచి ఎత్తు: ఒక అడుగు. "అడుగున్నర ఉంటుంది," అన్నాడాయన. "ఒక అడుగే సార్," అన్నాను. ఒప్పుకున్నాడు. బరువు కింద మనుషులు: లేరు. ఈల వేశారా: వేశాం. దిగినప్పుడు బరువు స్థితి: నడుము పట్టింది.

బ్యాంక్స్‌మన్ అని ఉన్నచోట నేను సంతకం పెట్టాను. సేఫ్టీ సూపర్‌వైజర్ చోట యూసుఫ్ భాయ్ పెట్టాడు. డెన్నిస్ సార్ వాటి కింద తన సంతకం పెట్టి, కలం మూయకుండా చెయ్యి చాచాడు. "నీది కూడా ఇవ్వు," అన్నాడు.

యూసుఫ్ భాయ్ జేబులోంచి సెలవు కాగితం తీసి రెండు చేతులతో అందించాడు.

"ఒక షరతు. ఈ మనిషి ఈల మళ్ళీ ఏ ఆటలోనూ నాకు వినబడకూడదు," అన్నాడు డెన్నిస్ సార్. నా మెడలోంచి ఈల తీసి యూసుఫ్ భాయ్ చేతిలో పెట్టాడు. "దీన్ని దేశం దాటించు." సైటుకు నాకు కొత్త ఈల ఇప్పించాడు. ఆ రిపోర్టు అద్దం కట్టించి ఆఫీసు గోడకు వేలాడదీశాడు. స్టేడియం నమూనా బొమ్మ కంటే పైన.

వారం తర్వాత కోరుట్ల నుంచి యూసుఫ్ భాయ్ ఫోన్ చేశాడు. నూరీ రెండు రోజులు ఆయన దగ్గరికి రాలేదట. ఎవరీ పెద్దమనిషి అని ఫోన్‌లోకి చూసి అడిగిందట. మా అబ్బా దుబాయ్‌ల ఉంటడు, ఈ ఫోన్ల ఉంటడు అని ఫోన్ చూపించిందట. మావైపు గల్ఫంతా దుబాయే.

"మరి?" అన్నాను.

"మూడో రోజు నీ ఈల దొరికింది దానికి. నేను ఒక్కసారి ఎత్తుకుని, బిడ్డా, నేల వదిలినవ్, ఊదు అన్న. ఊదింది. దించితే మళ్ళ ఎత్తు అన్నది. పొద్దటి నుంచి ఎత్తుతనే ఉన్న భాయ్. నడుం పోయింది." వెనక ఈల వినబడుతూనే ఉంది. ఒక్కటీ ముందు పడలేదు, ఒక్కటీ ఆలస్యం కాలేదు.

పోయినేడు యూసుఫ్ భాయ్ చనిపోయాడు. గుండె. నేనప్పటికే ఇంటికి వచ్చేశాను కాబట్టి కోరుట్ల వెళ్ళగలిగాను. ఇంటి ముందు జనాజా, అంటే పాడె, ఎత్తుతున్నప్పుడు నలుగురి మధ్య నేనూ నిలబడి ఉన్నాను. నేల వదిలింది. నా ఛాతీలో గాలి నిండింది, పెదవులు గుండ్రంగా అయ్యాయి. తలుపు దగ్గర నిలబడ్డ నూరీ నావైపే చూస్తోంది. పదేళ్ల పిల్ల. మెడలో నల్ల తాడు, తాడు చివర పిడికిలి. ఇద్దరం ఆపుకున్నాం. నోట్లో నీళ్లు లేకుండా, ఆపాల్సిన సమయానికి నేను ఆపుకున్న ఈల నా జీవితంలో అదొక్కటే. ఆ తెల్లటోపీ ఆయన చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

కాబట్టి పాఠకుల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట బంతి గానీ, విమానం గానీ, అన్నం గుండిగ గానీ, ప్రాజెక్ట్ మేనేజరు గానీ, నేల వదిలినది తిరిగి నేలకు చేరి కదలకుండా పడేదాకా నేను ఈల వేయను. ఈ ప్రమాణానికి మినహాయింపులు లేవు.

పక్కింటివాళ్లు ఇప్పుడే డాబా మీదికి నీళ్ల ట్యాంకు ఎక్కించడం మొదలుపెట్టారు. ఈ చివరి వాక్యం నోటినిండా నీళ్లు పోసుకుని రాస్తున్నాను.